డయాబ్లో 4: కొనే ముందు తెలుసుకోవాల్సిన మంచీ చెడూ

చలికాలం వచ్చిందంటే విన్నిపెగ్‌లో మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా మాటలు రెండు విషయాల మీదికే వెళ్తాయి. ఒకటి కార్లు స్టార్ట్ అవుతున్నాయా లేదా, రెండోది పిల్లలు ఏ గేమ్ ఆడుతున్నారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. జనవరిలో మైనస్ 30. బయటికెళ్లి ఆడుకోమని ఏ నోటితో అంటాం? ఈ మధ్య నన్ను ఎక్కువమంది తల్లులు అడుగుతున్న ప్రశ్న: "మావాడు డయాబ్లో 4 కావాలంటున్నాడు, మీరు ఆడారట కదా, కొనివ్వచ్చా?"

ఆడాను. మావారూ నేనూ కలిసి కథ మొత్తం పూర్తి చేశాం. ఆ తర్వాత మూడు సీజన్లు కూడా ఆడాం. అందుకే విడివిడిగా అందరికీ చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే బాగుంటుందనిపించింది. తొందరలో ఉన్నవాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను. కథ పూర్తయ్యేవరకు అది డబ్బుకు తగిన గేమ్. కథ అయ్యాక పేరు అదే ఉంటుంది కానీ గేమ్ మారిపోతుంది, ఆ రెండోది మన టైమ్ తినడానికే కట్టింది. 17 ఏళ్ల లోపు పిల్లలకు రెండూ వద్దు. ఎందుకో తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి.

అసలు ఏమిటీ గేమ్

దీన్ని 'ఓపెన్ వరల్డ్ హ్యాక్ అండ్ స్లాష్ రోల్ ప్లేయింగ్ గేమ్' అంటారు. పేరు పొడుగ్గా ఉన్నా సంగతి సులువే. మీరొక పాత్రను ఎంచుకుంటారు, దాన్ని పైనుంచి చూస్తూ నడిపిస్తారు. గుంపులుగా మీదపడే రాక్షసులను నరుక్కుంటూ పోతారు. చచ్చిన రాక్షసుడి దగ్గర కత్తో కవచమో ఉంగరమో రాలుతుంది. అది వేసుకుంటే బలం పెరుగుతుంది, ఇంకా పెద్ద రాక్షసుడి దగ్గరికి వెళ్తారు. ఓపెన్ వరల్డ్ అంటే ఒక దారి వెంటే పోవాలన్న నియమం లేకుండా, ఎటు కావాలంటే అటు తిరగగలిగే పెద్ద లోకం.

చేసింది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్. మొదటి డయాబ్లో 1996 చివర్లో వచ్చింది, రెండోది 2000లో, మూడోది 2012లో. మా తమ్ముడు అసెంబుల్డ్ కంప్యూటర్ మీద రెండోది ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. మన వయసు వాళ్లలో చాలామందికి ఆ పేరు అలాగే పరిచయం. నాలుగోది 2023 జూన్ 6న వచ్చింది. మొదటి ఐదు రోజుల్లోనే అమ్మకాలు 66.6 కోట్ల అమెరికన్ డాలర్లు దాటాయని కంపెనీ ప్రకటించింది. కంప్యూటర్ మీద, ప్లేస్టేషన్ 4, 5 మీద, ఎక్స్‌బాక్స్ మీద ఆడొచ్చు. ఒకరు కంప్యూటర్ మీద, ఇంకొకరు ఎక్స్‌బాక్స్ మీద ఉన్నా కలిసి ఆడొచ్చు.

మనవాళ్లు గొప్పగా చెప్పుకునే విషయం కూడా ఒకటుంది. బ్లిజార్డ్‌ను దాని మాతృసంస్థతో పాటు మైక్రోసాఫ్ట్ 68.7 బిలియన్ డాలర్లకు కొనేసింది. 2022 జనవరిలో ప్రకటించిన ఆ ఒప్పందం 2023 అక్టోబరు 13న పూర్తయింది. అంటే ఈ గేమ్ ఇప్పుడు మన హైదరాబాద్ సత్య నాదెళ్ల గారి కంపెనీది. ఆ గొప్ప చెప్పుకున్న నోటితోనే ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఒప్పందం పూర్తయిన మూడు నెలలకే, 2024 జనవరిలో, గేమ్‌ల విభాగంలో 1,900 మందిని తీసేశారు. పిల్లలు "నేను గేమ్ డెవలపర్ అవుతా" అన్నప్పుడు రెండు సంగతులూ తెలిసి ఉంటే మంచిది. ఆ మాటకొస్తే మా విన్నిపెగ్‌లోనే యుబిసాఫ్ట్ స్టూడియో ఉంది, అది రావడం గురించి 2018లో ప్రకటించారు. గేమ్‌ల ఉద్యోగం కోసం కాలిఫోర్నియాకే పోవాల్సిన పని లేదు.

కొట్టడంలో ఉన్న సుఖం

నన్ను అడిగితే ఈ గేమ్ అసలు బలం యుద్ధమే. గొడ్డలి తగిలినప్పుడు వచ్చే శబ్దం, రాక్షసుడు వెనక్కి ఎగిరిపడే తీరు, చేతిలో కంట్రోలర్ వణకడం, మూడూ సరిగ్గా ఒకే క్షణంలో కలుస్తాయి. అది ఎంత కష్టమో ఇలాంటి వేరే గేమ్‌లు ఆడితే తెలుస్తుంది. చాలావాటిలో కత్తి గాలిలో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఇందులో ప్రతి దెబ్బకూ బరువుంది.

మొదట్లో ఐదు పాత్రలు ఇచ్చారు. బార్బేరియన్ నాలుగు ఆయుధాలు మోసుకు తిరుగుతూ ఒక్కో దెబ్బకు ఒక్కోటి తీస్తాడు. సోర్సరెస్ నిప్పు, మంచు, మెరుపు విసురుతుంది. రోగ్ విల్లూ బాకులూ పట్టుకుని దాక్కుని కొడుతుంది. డ్రూయిడ్ ఎలుగుబంటిగా, తోడేలుగా మారిపోతాడు. నెక్రోమాన్సర్ శవాల నుంచి అస్థిపంజరాలను లేపి సైన్యంగా నడిపిస్తాడు. 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి చూసి పెరిగినవాళ్లం, విఠలాచార్య గారి దయ్యాలను చూసి పడుకోవడానికి భయపడినవాళ్లం, నెక్రోమాన్సర్‌ను మనకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. నేను ఎంచుకున్నదీ అదే. మావారిది బార్బేరియన్. ఆయన ముందు వెళ్లి దెబ్బలు తింటారు, నేను వెనక నుంచి ఎముకల సైన్యాన్ని తోలుతాను. బయట సంసారానికి పూర్తిగా తలకిందులు అని మావారి అభిప్రాయం, నాది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కలిసొచ్చే సంగతి ఇంకొకటి. శక్తులకు ఖర్చుపెట్టిన పాయింట్లను గేమ్‌లోని బంగారం కట్టి వెనక్కి తీసుకోవచ్చు. తప్పు శక్తి ఎంచుకున్నామని మళ్లీ మొదటినుంచి ఆడనక్కర్లేదు.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మీద ఇద్దరు ఒకే సోఫాలో, ఒకే టీవీ మీద ఆడే సౌకర్యం ఉంది. తెర రెండుగా చీలదు, ఇద్దరూ ఒకే తెరలో తిరుగుతారు. రెండో మనిషికి ఇంకో కాపీ కొనక్కర్లేదు, ఉచిత బ్యాటిల్‌నెట్ అకౌంట్ ఉంటే చాలు. కంప్యూటర్ మీద ఈ సౌకర్యం లేదు. భార్యాభర్తలు కలిసి ఆడాలనుకుంటే ఈ ఒక్క కారణం చాలు కన్సోల్ మీదే తీసుకోవడానికి. టీవీ మీద అక్షరాలు చిన్నగా కనిపిస్తాయి, సెట్టింగ్స్‌లో సైజు పెంచుకోండి.

కథ

ఇలాంటి గేమ్‌లలో కథను ఎవరూ పట్టించుకోరు. దీన్ని పట్టించుకోవచ్చు.

శాంక్చువరీ అనే లోకం. దాన్ని సృష్టించింది ఇనారియస్ అనే దేవదూత, లిలిత్ అనే అసుర కన్య. స్వర్గనరకాల మధ్య ఎడతెగని యుద్ధం నుంచి పారిపోయి వచ్చి ఇద్దరూ కట్టుకున్న లోకం అది, మనుషులు వాళ్ల సంతానపు వారసులు. ఎప్పుడో వెళ్లగొట్టబడిన లిలిత్ తిరిగి రావడంతో గేమ్ మొదలవుతుంది. ఆమె అడుగు పెట్టిన ఊళ్లో మనుషుల్లో దాగిన కోరికలూ కసీ పైకి తేలతాయి, పక్కింటివాళ్లే ఒకర్నొకరు చంపుకుంటారు. మరి ఆమె వచ్చింది నాశనం చేయడానికేనా అంటే, అలా అని తేల్చి చెప్పలేం. నరకం మీదపడబోతోంది, దానికి ముందే నా బిడ్డలను సిద్ధం చేస్తానంటుంది. ఇనారియస్ వైపు చూస్తే గుడి, ప్రార్థన, వెలుగు అన్నీ ఉన్నాయి, ప్రేమ మాత్రం లేదు. ఎవరి పక్షాన నిలబడాలో మనకే చాలాసేపు అర్థం కాదు. మన పురాణాల్లో బలినీ రావణుణ్ణీ ఒక్క ముక్కలో చెడ్డవాళ్లని కొట్టిపారేయని సంప్రదాయంలో పెరిగినందువల్లనేమో, లిలిత్ నాకు బాగా పట్టుబడింది. ఆమెకు గొంతు ఇచ్చిన కారొలీన్ ఫేబర్, ముసలి యోధుడు లోరాత్‌కు గొంతు ఇచ్చిన రాల్ఫ్ ఇనెసన్ ఇద్దరూ గేమ్‌ను సగం మోశారు.

ఆరు అంకాలు, ముందొక నాంది, చివర ఒక ముగింపు. మాకు రోజుకు గంట, గంటన్నర చొప్పున దాదాపు 30 గంటలు పట్టింది. డిసెంబరు నుంచి జనవరి దాకా మంచి కాలక్షేపం.

తెలుగు లేదు, ఏ భారతీయ భాషా లేదు. ఇంటికి వచ్చిన అమ్మానాన్నలు పక్కన కూర్చుంటే మీరే చెబుతూ ఉండాలి. ఫ్రెంచ్ మాత్రం సబ్‌టైటిల్స్‌తో పాటు మాటలకు కూడా ఉంది. ఇక్కడ ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో చదివి పెద్దవాళ్లయిన పిల్లలుంటే వాళ్లు అలా పెట్టుకుని ఆడొచ్చు.

లోకం పెద్దదే, కానీ

ఇక బలహీనతలకు వద్దాం. 'ఓపెన్ వరల్డ్' అన్న పేరుతో అమ్మిన గేమ్ ఇది, దాని పెద్ద లోపం కూడా అక్కడే ఉంది.

చూడటానికి వంక పెట్టలేం. ఐదు ప్రాంతాలు: మంచుకొండల ఫ్రాక్చర్డ్ పీక్స్, తడి అడవుల స్కాస్‌గ్లెన్, ఎండిన డ్రై స్టెప్స్, ఎడారి కెజిస్తాన్, చిత్తడి నేలల హావెజార్. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మధ్యలో ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు. మంచుకొండల్లోని క్యోవషాద్ ఊరు చూడగానే మావారు "ఇదేంటి, మన వీధేగా" అన్నారు. మంచులో కాళ్లు దిగబడి నడిచే ఆ అలసట తెలిసినవాళ్లెవరో గీశారు దాన్ని.

మరి లోపమేమిటంటే, మీ స్థాయి పెరిగినప్పుడల్లా లోకంలోని రాక్షసుల స్థాయి కూడా మీతో పాటే పెరుగుతుంది. మొదటిరోజు మిమ్మల్ని ఏడిపించిన తోడేలు పది రోజుల తర్వాత కూడా దాదాపు అంతే ఏడిపిస్తుంది. దీనివల్ల ఎటు వెళ్లినా ఆట కష్టం సమానంగా ఉంటుందని, వేర్వేరు స్థాయిల్లో ఉన్న స్నేహితులు కలిసి ఆడుకోవచ్చని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. ఆ రెండో మాట నిజమే. కానీ తిరిగి చూడాలన్న ఉత్సాహం చచ్చిపోతుంది. ఓపెన్ వరల్డ్‌లో సరదా ఏమిటి? వెళ్లకూడని చోటికి పొరపాటున వెళ్లి, తన్నులు తిని పారిపోయి, నెల తర్వాత బలం పెంచుకుని తిరిగొచ్చి లెక్క సరిచేయడం. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ నిలబడింది దాని మీదే. ఇక్కడ అలాంటి చోట్లు చాలా తక్కువ. లోకం అంతా ఒకే ఎత్తులో చదును చేసిన పొలంలా ఉంటుంది.

గుహలు వందకు పైగా ఉన్నాయి. పదో గుహకే నమూనా తెలిసిపోతుంది. రెండు రాళ్లు తెచ్చి పీఠం మీద పెట్టు, ఖైదీలను విడిపించు, అందర్నీ చంపు, తలుపు తెరుచుకుంటుంది, పెద్ద రాక్షసుడు. వచ్చిన దారినే వెనక్కి నడవాల్సిన తలనొప్పిని తర్వాతి ప్యాచుల్లో కొంత తగ్గించారు. పక్క కథల్లో చాలావరకు 'పది తోకలు పట్టుకురా' రకమే, మధ్యలో ఒకటీ అరా మనసును తాకేవి ఉంటాయి. ఇక గుర్రం సంగతి. విడుదలైనప్పుడు నాలుగో అంకం వచ్చేదాకా గుర్రం ఇచ్చేవారు కాదు. అంత పెద్ద లోకం ఇచ్చి సగం దాకా కాలినడకన తిప్పడం ఏం న్యాయం?

లెక్కల్లో ఉన్న కిటుకు

నేను బి.ఎస్సీ.లో స్టాటిస్టిక్స్ చదివాను. చదివింది ఉద్యోగంలో వాడలేదు కానీ ఈ గేమ్‌లో బాగా వాడాను. ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి, పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది.

మొదటిది, దెబ్బ బలం. మీ దెబ్బ 100 అనుకుందాం. 50 శాతం పెంచేవి మూడు వస్తువులు దొరికాయి. అవి కూడికలో కలిస్తే 100కు 150 చేరి 250 అవుతుంది. గుణకారంలో కలిస్తే 100ను ఒకటిన్నరతో మూడుసార్లు హెచ్చించాలి, 337 దాటుతుంది. వస్తువుల మీద రాసే అంకె రెండు చోట్లా 50 శాతమే! గేమ్‌లో వివరాలు చూపించే సెట్టింగ్ పెట్టుకుంటే కూడికకు ప్లస్ గుర్తు, గుణకారానికి ఇంటూ గుర్తు కనిపిస్తాయి. ఇంటూ గుర్తున్నవి వేర్వేరు రకాలవి పోగేసుకున్నవాడే ముందుకు పోతాడు. మొదట్లో రెండు మూడు లక్షణాలకే గుణకార బలం ఎక్కువగా ఉండేది, అందరూ వాటి వెంటే పడ్డారు, మిగతా వస్తువులన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. 2023 అక్టోబరులో రెండో సీజన్‌తో దాన్ని సరిదిద్దారు. 2024 మే 14న నాలుగో సీజన్‌తో వస్తువుల పద్ధతినే మొత్తం మార్చి, చదవలేనన్ని షరతులను తీసేశారు. ఇప్పుడు కొనేవాళ్లు అదృష్టవంతులు. విడుదల రోజున కొన్నవాళ్లు అమ్మిన బియ్యం కొట్టువాడిలా సంచులు వంపుకుని ఏరుకునేవారు.

రెండోది ఇంకా ముఖ్యం. అరుదైన వస్తువు దొరికే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. వంద రాక్షసులను చంపితే తప్పకుండా దొరుకుతుందని పిల్లలు అనుకుంటారు, పెద్దవాళ్లు కూడా. అది తప్పు. వందసార్లు ప్రయత్నించినా దొరకనివాళ్లు నూటికి దాదాపు 37 మంది ఉంటారు. సగం మందికి దొరకాలంటేనే 69 ప్రయత్నాలు కావాలి. "ఇన్నిసార్లు రాలేదు, కాబట్టి ఈసారి వస్తుంది" అన్నది కూడా తప్పే. పాచికకు జ్ఞాపకం ఉండదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం జీవి ఎంతసేపైనా మీట నొక్కుతూనే ఉంటుందని స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. ప్రతిసారీ గింజ వస్తే పావురం కడుపు నిండి పక్కకు పోతుంది. ఎప్పుడో ఒకసారి వస్తుంటే పోదు. ఈ రకం గేమ్‌లన్నిటికీ పునాది ఆ మీటే. కథ నడుస్తున్నంతసేపు అది కథకు తోడుగా ఉంటుంది. కథ అయిపోయాక మీట ఒక్కటే మిగులుతుంది.

కథ అయ్యాక

చివరి యుద్ధం అయిపోయింది, పేర్లు పడ్డాయి. మామూలు గేమ్ అక్కడితో అయిపోతుంది. ఇక్కడ "ఇప్పుడే అసలు ఆట మొదలైంది" అంటారు.

దాదాపు మూడు నెలలకొక సీజన్ వస్తుంది. సీజన్‌లో ఆడాలంటే కొత్త పాత్రతో మళ్లీ ఒకటో స్థాయి నుంచి మొదలుపెట్టాలి. పాత పాత్ర పోదు, కానీ కొత్త సరుకంతా కొత్త పాత్రకే. మూడు నెలలు పోగుచేసిన కత్తులూ కవచాలూ సీజన్ అవగానే పక్కకు పోతాయి. సంక్రాంతి ముగ్గు వేసినట్టు వేయాలి, మర్నాడు ఊడ్చేసి మళ్లీ వేయాలి. ముగ్గులో నాకు తృప్తి ఉంది, ఇందులో రెండో సీజన్ తర్వాత కనిపించలేదు. మావారికి మాత్రం ఇప్పటికీ ఇష్టమే. ఆఫీసు నుంచి వచ్చి ఒక అరగంట బుర్ర పెట్టక్కర్లేకుండా కొట్టుకోవడానికి బాగుంటుందంటారు. అది కూడా నిజమే. అరగంట అరగంటగానే ఉన్నంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

తయారుచేసినవాళ్ల మాటకు కూడా మనం ఎంత విలువివ్వాలో తెలిపే సంఘటన ఒకటుంది. మొదటి సీజన్ 2023 జూలై 20న మొదలైంది. దానికి రెండు రోజుల ముందు వచ్చిన ప్యాచ్‌తో దాదాపు అన్ని పాత్రల బలం తగ్గించేశారు. నెలన్నర కష్టపడి పెంచుకున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. కంపెనీవాళ్లు లైవ్‌లో కూర్చుని ఇది ఆడేవాళ్లకు ఆనందం ఇవ్వలేదని ఒప్పుకుని, ఇలాంటి ప్యాచ్ మళ్లీ చేయబోమన్నారు. ఆగస్టులో కొంత వెనక్కి ఇచ్చారు. వినడం మంచి లక్షణమే. కానీ మీ పాత్ర బలం మీ చేతిలో లేదు, ఎక్కడో సర్వర్‌లో ఒక అంకె మారితే మీ నెల రోజుల కష్టం మారిపోతుందన్న సంగతి మర్చిపోకూడదు.

2024 అక్టోబరు 8న 'వెసెల్ ఆఫ్ హేట్రెడ్' అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. నహంతు అనే అడవి ప్రాంతం, స్పిరిట్‌బార్న్ అనే కొత్త పాత్ర, వెంట వచ్చే కిరాయి యోధులు అందులో కొత్తవి. అడవి బాగుంది. కథ మాత్రం ఇంటర్వెల్ దగ్గర ఆపేసినట్టుంది. అసలు గేమ్ కథ నచ్చి, తర్వాత ఏమైందో తెలుసుకోకుండా ఉండలేకపోతేనే, అదీ డిస్కౌంట్‌లో, తీసుకోండి.

నెట్, డబ్బు

ఒక్కరే ఆడుకుంటున్నా ఈ గేమ్‌కు ఇంటర్నెట్ ఉండాల్సిందే. దాని ఫలితం ఇంటి పనులు చేసుకునేవాళ్లకు ముందు తెలుస్తుంది: పాజ్ లేదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నా, తలుపు దగ్గర ఎవరైనా బెల్ కొట్టినా, రాక్షసులు ఆగరు. ఊళ్లోకి మాయాద్వారం తెరుచుకుని వెళ్లిపోతే అక్కడ ఎవరూ కొట్టరు, కానీ ద్వారం తెరుచుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాల్లో దెబ్బ తగిలితే మళ్లీ మొదటికి. 2023 జూన్ చివర్లో బ్యాటిల్‌నెట్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవాళ్లంతా గంటల తరబడి ఆడలేకపోయారు. 'హార్డ్‌కోర్' అనే పద్ధతిలో ఒకసారి చస్తే పాత్ర శాశ్వతంగా పోతుంది. మంచుతుఫానుకు నెట్ పోయే ఊళ్లో ఉండేవాళ్లు దాని జోలికి వెళ్లకండి. గేమ్ సైజుకు 90 గిగాబైట్ల చోటు కావాలని కంపెనీయే చెప్పింది. నెలకు ఇంత డేటా అని లెక్క ఉన్న ప్లాన్ అయితే డౌన్‌లోడ్‌కు ముందు చూసుకోండి.

అమెరికాలో విడుదల ధర 69.99 డాలర్లు. ఇప్పుడు పూర్తి ధర పెట్టి కొనాల్సిన అవసరం లేదు, పండగ సేల్స్‌లో తరచుగా బాగా తగ్గుతుంది. 2024 మార్చి 28 నుంచి ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌లో కూడా పెట్టారు. మీకు ఆ చందా ఇప్పటికే ఉంటే మీ ప్లాన్‌లో ఉందేమో చూసి, ముందు అలా ఆడి చూడండి.

కొన్న తర్వాత కూడా లోపల దుకాణం ఒకటుంది. ప్లాటినం అనే నాణేలను అసలు డబ్బుతో కొని, వాటితో వేషాలూ గుర్రానికి అలంకారాలూ కొనుక్కోవాలి. ఒక్క వేషానికి 20 డాలర్లు దాటడం మామూలే. సీజన్‌కు ఒక బ్యాటిల్ పాస్, సుమారు పది డాలర్లు. ఒక మంచి మాట ఏమిటంటే, దుకాణంలో అమ్మేవి అలంకారాలే, బలం కాదు. డబ్బు పెట్టినవాడు పెట్టనివాణ్ణి కొట్టేయలేడు. మూడో డయాబ్లోలో అసలు డబ్బుతో ఆయుధాలు కొని అమ్మే వేలంపాట పెట్టి, ఆట పాడైందని 2014 మార్చిలో మూసేశారు. ఆ పాఠం నాలుగోదానికి పనికొచ్చింది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. 'డయాబ్లో ఇమ్మోర్టల్' అనేది వేరు. 2022 జూన్‌లో వచ్చింది, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలు "అమ్మా, ఇది ఫ్రీ" అని చూపించేది అదే. అందులో పాత్ర బలమే డబ్బుతో పెరుగుతుంది, అదీ అదృష్టం మీద ఆధారపడిన పెట్టెల ద్వారా. బెల్జియం, నెదర్లాండ్స్‌లో అలాంటి పెట్టెల మీద ఉన్న చట్టాల వల్ల అక్కడ దాన్ని విడుదలే చేయలేదు. 70 డాలర్ల గేమ్ కన్నా ఈ ఉచిత గేమ్ ఖరీదైనది.

పిల్లల సంగతి

డబ్బా మీద ఈఎస్‌ఆర్‌బీ వాళ్ల 'ఎం' గుర్తు ఉంటుంది, అంటే 17 ఏళ్లు దాటినవాళ్లకు. ఈ గుర్తును మనలో చాలామంది సిగరెట్ పెట్టె మీద బొమ్మలా చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ గేమ్ విషయంలో అలా వదలకండి. ఆట మొదలైన కాసేపటికే ఆశ్రయం ఇచ్చిన ఊరివాళ్లే మీ పాత్రకు మత్తుమందు పెట్టి బలి ఇవ్వబోతారు. తల్లి, బిడ్డ, గుడి, పూజారి, అన్నిటినీ రక్తంతో కలిపి చూపిస్తారు. విఠలాచార్య దయ్యాలు నవ్వించి భయపెట్టేవి, ఇవి అలాంటివి కావు. కథకు ఆ చీకటి అవసరమే, పెద్దవాళ్లకు బాగుంటుంది కూడా. పన్నెండేళ్ల పిల్లలకు రాత్రి అవి గుర్తొస్తాయి.

మా పెద్దవాడికి 14 ఏళ్లు. "అమ్మా, నువ్వు ఆడతావు, నేను ఆడకూడదా? క్లాసులో అందరూ ఆడుతున్నారు" అన్నాడు. రక్తం గురించి చెబితే వినే వయసు కాదు. పైన చెప్పిన 37 శాతం లెక్క కాగితం మీద వేసి చూపించాను, పావురాల సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి "అంటే వాళ్లు నన్ను పావురం అనుకుంటున్నారా?" అన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు, 17 వచ్చాక మళ్లీ అడుగుతానన్నాడు. మేము ఆడేది పిల్లలు పడుకున్నాక, తొమ్మిదిన్నర దాటాక మాత్రమే.

ఊరికే వద్దంటే కుదరదు కాబట్టి బదులు చూపించాలి. నరుక్కుంటూ పోయే సరదానే కావాలంటే 2020లో వచ్చిన మైన్‌క్రాఫ్ట్ డంజన్స్ ఉంది. పదేళ్లు దాటినవాళ్లకు, రక్తం లేదు, ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది. చిన్నదే, త్వరగా అయిపోతుంది, నా దృష్టిలో అది గుణమే. పెద్ద లోకంలో తిరగడం కావాలంటే నింటెండో స్విచ్ మీద 2017లో వచ్చిన జెల్డా, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. అది కూడా పదేళ్లు దాటినవాళ్లకే. పైన ఓపెన్ వరల్డ్ గురించి నేను పడిన బాధ దాంట్లో లేదు, కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, ఎక్కితే అవతల ఏదో ఒకటి ఉంటుంది.

ఇంట్లో 17 దాటినవాళ్లుండి డయాబ్లో 4 తెచ్చుకుంటే మొదటిరోజే రెండు పనులు చేయండి. బ్యాటిల్‌నెట్ అకౌంట్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కు వెళ్లి ఆడే సమయం, చాట్, కొనుగోళ్లకు హద్దులు పెట్టండి. కన్సోల్‌లో క్రెడిట్ కార్డు వివరాలు దాచి ఉంచకండి, కావాలంటే గిఫ్ట్ కార్డు కొనివ్వండి. ఇండియాలో ఉన్న కజిన్స్‌తో ఆడాలనుకునేవాళ్లకు చలికాలంలో విన్నిపెగ్ శనివారం పొద్దున ఎనిమిది అంటే హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర, రెండు వైపులా కుదిరే సమయం. మా మరిది, మావారు ఆ వేళకే కలుస్తారు. సగం సేపు ఆట, సగం సేపు అత్తయ్యగారి మోకాళ్ల నొప్పుల గురించి మాటలు. బార్బేరియన్లిద్దరూ క్యోవషాద్ ఊరి మధ్యలో కదలకుండా నిలబడి ఉంటారు.